కుక్కతో హైదరాబాద్ నుంచి లాహౌల్ దాకా: దూరప్రయాణానికి ఏర్పాట్లు

హైదరాబాద్ నుంచి మనాలీ మీదుగా హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ దాకా కారులో వెళ్లి రావాలంటే నాలుగు వేల కిలోమీటర్లకు పైగానే నడపాలి. మనుషులమే వెళ్లేటప్పుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడపగలమన్నది చూసుకుని బసలు నిర్ణయించుకుంటాం. కుక్క వెంట ఉన్నప్పుడు ఆ లెక్క పనికిరాదు. అది ఏ వేళకు తింటుంది, ఎంతసేపటికొకసారి దిగాలి, ఎండ ఎక్కే వేళకు మనం ఎక్కడుంటాం అన్నవి ముందు తేల్చుకుని, వాటి మధ్య ఎంత దూరం పడితే అంతే నడపాలి. మిగిలిన ఏర్పాట్లన్నీ ఈ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంటాయి.

అన్నిటికన్నా ముందు మన కుక్క ఈ ప్రయాణానికి తగినదా కాదా అన్నది నిజాయితీగా చూసుకోవాలి. పగ్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి పీల్చుకోవడమే కష్టం కాబట్టి, అవి మైదానాల వేడినీ కొండల ఎత్తునూ రెండింటినీ సరిగా తట్టుకోలేవు. గుండె జబ్బు ఉన్నవీ, బాగా ముసలివైనవీ, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలూ ఇంట్లోనే ఉండడం మంచిది. అలవాటైన మనుషుల దగ్గర, అలవాటైన ఇంట్లో మూడు వారాలు గడపడం వాటికి అన్యాయమేమీ కాదు.

బయలుదేరే కాలం విషయంలో రాజీ పడకూడదు. మే నెలలో నాగపూర్ దగ్గర ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. జూలై, ఆగస్టుల్లో మండీ, కుల్లూల మధ్య కొండచరియలు విరిగిపడి రోడ్డు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి మూసుకుపోతుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా సెప్టెంబర్ 17 ప్రాంతంలో వాయవ్య భారతం నుంచి వెనుదిరగడం మొదలుపెడతాయి. ఆ తర్వాతి వారం పది రోజులు చూసుకుని బయలుదేరితే దారిలో వేడి తగ్గి ఉంటుంది, కొండల్లో వాన తెరిపిస్తుంది, లాహౌల్‌లో చలి ఇంకా ముదరదు. తిరుగు ప్రయాణంలో దీపావళి రాత్రి ఎక్కడ పడుతుందో కూడా కేలండర్ తిరగేసి చూసుకోండి. టపాసులకు బెదిరే కుక్కతో ఆ రాత్రి నగరం నడిబొడ్డున హోటల్ గదిలో చిక్కుకుంటే దానికీ మనకూ నరకమే. ఆ ఒక్క రాత్రికీ ఊరికి దూరంగా బస చూసుకోవాలి.

పశువైద్యుణ్ణి కనీసం నెల ముందే కలవాలి. రేబిస్ టీకా మొదటిసారి వేయించినట్లయితే రక్షణ పూర్తిగా ఏర్పడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ అనే అంటువ్యాధుల టీకాల గడువు కూడా ప్రయాణం మధ్యలో ముగియకుండా చూసుకోవాలి. పిడుదుల మందు సంగతి గట్టిగా అడగండి. మన దేశంలో కుక్కలకు పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా సాధారణం. పెట్రోలు బంకుల పక్క గడ్డి, ధాబాల వెనక మట్టి, నులక మంచాల కాళ్ల దగ్గర అవి కాచుకుని ఉంటాయి. కారులో వాంతి చేసుకునే అలవాటుంటే అందుకు తగిన మందు రాయించుకుని, ప్రయాణానికి ముందే ఒకసారి వేసి చూడాలి. టీకాల పుస్తకం, ఆరోగ్య ధ్రువపత్రం, మున్సిపాలిటీ లైసెన్సు అసలు కాగితాలు ఒక కవరులో పెట్టుకుని, వాటి ఫొటోలు ఫోనులోనూ ఉంచుకోవాలి.

ఈ నెల రోజుల్లోనే కారును కుక్కకు అలవాటు చేయాలి. మొదట ఇంజన్ ఆపి ఉన్న కారులో కూర్చోబెట్టి తిండి పెట్టడం, తర్వాత అరగంట షికారు, ఆపైన వికారాబాద్ దాకానో యాదగిరిగుట్ట దాకానో వెళ్లి రావడం, చివరికి ఒక రాత్రి బయట పడుకుని రావడం, ఈ వరుసలో సాగితే దాని ఓపిక ఎంతో మనకు తెలుస్తుంది. కారు ఎక్కితే ఆసుపత్రికే అన్న భయం ఉన్న కుక్కకు ఈ అభ్యాసం మరీ అవసరం.

దాని చోటు వెనక సీటే. సీటు మీద ఉయ్యాలలా కట్టే మందపాటి గుడ్డ పరిస్తే సడన్ బ్రేకు వేసినప్పుడు కాళ్ల దగ్గరి ఖాళీలోకి జారిపోదు. బెల్టు క్లిప్పును మెడపట్టీకి ఎన్నడూ తగిలించకూడదు; కుదుపుకు మెడ విరిగే ప్రమాదం ఉంది. ఛాతీని చుట్టే హార్నెస్‌కే తగిలించాలి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కుక్క బతకడం కష్టం. కిటికీలోంచి తల బయటపెట్టనివ్వడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని, హైవే మీద ఎగిరే ఇసుక రేణువు చాలు కంటిని చెరచడానికి.

తలుపు తెరిచే పద్ధతి ఇంట్లో అందరూ ఒకేలా నేర్చుకోవాలి. కారు ఆగగానే ఇంజన్ కట్టేసి, ముందు సీట్లోని వాళ్లు దిగి, వెనక తలుపును జానెడు మాత్రమే తెరిచి, మోకాలు అడ్డుపెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి లీష్‌ను హార్నెస్‌కు తగిలించి, లీష్ ఉచ్చు మణికట్టుకు వేసుకున్న తర్వాతే సీటుబెల్టు క్లిప్పు విప్పాలి. తలుపు పూర్తిగా తెరవడం ఆఖరి పని. దూరప్రయాణాల్లో కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఇలా దిగే క్షణంలోనే. మెడపట్టీ మీద మీ ఫోను నంబరు దేశం కోడుతో సహా చెక్కించండి. వీలైతే చర్మం కింద, గుర్తింపు సంఖ్య ఉండే మైక్రోచిప్ కూడా పెట్టించండి.

ఇక దారి. హైదరాబాద్ నుంచి 44వ జాతీయ రహదారి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి పోతుంది. నాగపూర్ సుమారు 500 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరితే రెండు మూడు గంటలకొకసారి ఆగుతూ వెళ్లినా మధ్యాహ్నం దాటేసరికి చేరిపోవచ్చు. రెండో రోజు సియోనీ, నర్సింగ్‌పూర్‌ల మీదుగా సాగర్ దాకా, మూడో రోజు ఝాన్సీ దాటి గ్వాలియర్ దాకా చాలు. గ్వాలియర్ నుంచి ఆగ్రా, మథురల మీదుగా వచ్చి ఢిల్లీ నగరంలోకి పోకుండా పల్వల్ దగ్గర ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 135 కిలోమీటర్ల తర్వాత కుండ్లీ దగ్గర మళ్లీ 44వ రహదారి కలుస్తుంది. ఢిల్లీ ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుపోవడం కుక్కకు ఆరు గంటల హైవే ప్రయాణం కంటే కష్టం. ఆ రోజు కర్నాల్ దగ్గర ఆగి, మర్నాడు ఒక రోజంతా కారు కదపకుండా విశ్రాంతి తీసుకోవాలని నా గట్టి సలహా. అక్కడి నుంచి అంబాలా, కిరత్‌పూర్, బిలాస్‌పూర్, మండీ మీదుగా కొండ దారి మొదలవుతుంది. దాన్ని రెండు రోజులకు పంచాలి, ఎందుకంటే మైదానంలో ఎన్నడూ వాంతి చేసుకోని కుక్క కూడా మలుపుల్లో చేసుకుంటుంది.

నాగపూర్ దాటాక రహదారి పెంచ్ పులుల అభయారణ్యం పక్కనుంచి సాగుతుంది. జంతువులు కిందుగా దాటిపోవడానికి వీలుగా అక్కడ రోడ్డును చాలాచోట్ల స్తంభాల మీద ఎత్తుగా కట్టారు. ఆ అడవి ముక్కలో కుక్కను దింపడానికి కారు ఆపకండి. పులుల అభయారణ్యాల లోపలికి పెంపుడు కుక్కలను ఎలాగూ రానివ్వరు. మన కుక్కకు చిరుత వల్ల ఎంత ప్రమాదమో, మన కుక్క మోసుకెళ్లే డిస్టెంపర్ వల్ల అడవి జంతువులకూ అంత ప్రమాదం.

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. సెప్టెంబర్ చివర కూడా మధ్యప్రదేశ్ మధ్యాహ్నాలు కుక్కకు భారమే. ఎండలో ఆపి ఉంచిన కారులో ఉష్ణోగ్రత అరగంటలోనే బయటికంటే 15 నుంచి 20 డిగ్రీలు పెరుగుతుంది; అద్దాలు కాస్త దించినంత మాత్రాన పెద్ద తేడా ఉండదు. కాబట్టి ధాబా దగ్గర వంతులవారీగా తినండి, ఒకరు కుక్కతో నీడన ఉండండి. ఒంటరిగా నడుపుతున్నవాళ్లు ఆరుబయట మంచాలున్న ధాబాలనే ఎంచుకోవాలి. దింపే ముందు మీ అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఐదారు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. కుక్క మామూలు ఒంటి వేడి సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు. ఆగకుండా రొప్పడం, చొంగ చిక్కగా జారడం, చిగుళ్లు ఎర్రగా కందిపోవడం, నడకలో తూలడం కనబడితే వడదెబ్బ తగిలినట్లే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేసి, ఏసీ పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒంటి మీద తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

తిండి విషయంలో ఇంటి అలవాటును దారిలో మార్చకూడదు. పెరుగన్నం తినే కుక్కకు ప్రయాణంలో కొత్తగా ప్యాకెట్ తిండి పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. మార్చదలిస్తే ఇంటి దగ్గరే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ముగించి, పెద్ద భోజనం రాత్రి బసకు చేరాక పెట్టాలి. నీళ్లు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు మామూలుగా కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ. ప్రతి చోటా ఆగినప్పుడు కొద్దికొద్దిగా తాగించండి. ధాబా పప్పులో, కూరలో ఉల్లి, వెల్లుల్లి తప్పక ఉంటాయి; రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు కూడా ప్రమాదమే. పక్క బల్ల వాళ్లు ప్రేమతో విసిరే ముక్కలను మర్యాదగా వద్దనడం నేర్చుకోవాలి.

ధాబా అన్నాక అక్కడొక కుక్కల గుంపు ఉంటుంది. అది వాటి రాజ్యం. వాటి కంచాల దగ్గరికీ, పిల్లల దగ్గరికీ మన కుక్కను పోనివ్వకుండా, కారుకు రెండోవైపు దింపి పని చూసుకుని ఎక్కించేయాలి. ఒకవేళ కరిస్తే గాయాన్ని పారే నీటిలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు పశువైద్యుడి దగ్గర రేబిస్ బూస్టర్ వేయించాలి. పూర్వం వేయించిన టీకా ఉందిలే అని ఊరుకోకూడదు. విడదీయబోయి మీకు గాటు పడితే మీరూ అంతే వేగంగా ఆసుపత్రికి వెళ్లాలి.

బసలను ముందే ఫోను చేసి ఖాయం చేసుకోండి. పెంపుడు జంతువులకు అనుమతి ఉందని యాప్‌లో రాసి ఉన్నా, రాత్రి తొమ్మిదింటికి వెళితే కౌంటరులోని మనిషి కాదనవచ్చు. కుక్క జాతి, బరువు చెప్పి, గదిలోనే పడుకోనిస్తారా, నేల అంతస్తులో గది ఉందా అని అడిగి, ఒప్పుకున్న మాటను వాట్సాప్ సందేశంగా తెప్పించుకోవాలి. ఇంటి నుంచి దాని పాత దుప్పటి తీసుకెళ్లండి. ఆ వాసన ఉన్నచోట అది త్వరగా నిద్రపోతుంది.

మనాలీ సుమారు 2,050 మీటర్ల ఎత్తు. అక్కడ రెండు రాత్రులు ఉండి, ఆ తర్వాతే అటల్ సొరంగం దాటాలి. 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన ఈ 9.02 కిలోమీటర్ల సొరంగం వల్ల రోహ్తాంగ్ కనుమ ఎక్కకుండానే లాహౌల్ చేరుతున్నాం. అయినా సొరంగం అవతలి ముఖమే 3,000 మీటర్లకు పైన ఉంది. సిస్సూ, కేలాంగ్, జిస్పా అన్నీ ఆ ఎత్తువే. ఎత్తు దెబ్బ కుక్కకూ తగులుతుంది, అది నోరు విప్పి చెప్పలేదు. తిండి మానేయడం, నిద్రలో కూడా రొప్పడం, వాంతి, దగ్గు, మూలన ముడుచుకుని లేవకపోవడం చూస్తే ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి. చిగుళ్లను రోజూ చూడడం అలవాటు చేసుకోండి: వేలితో నొక్కితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, చిగుళ్లు నీలంగా కనిపించినా వైద్యం కావాలి. జిస్పా దాటితే దారి 4,800 మీటర్లకు పైనున్న బారాలాచా కనుమ ఎక్కి, 4,000 మీటర్లు దాటిన సర్చూకు పోతుంది. మైదానాల్లో పెరిగిన కుక్కను అక్కడ ఒక రాత్రి పడుకోబెట్టడం నాకు సమ్మతం కాదు. లేహ్ మీద మనసుంటే మరోసారి మనుషులే వెళ్లిరావచ్చు. కుక్కకు జిస్పా దగ్గరి భాగా నది ఒడ్డే కావలసినంత లోకం.

చీకటి పడ్డాక కొండ ఊళ్లలో కుక్కను ఒంటరిగా బయట విడవకండి. హిమాచల్‌లో చిరుతలు ఇళ్ల ముంగిట్లోంచి కుక్కలను ఎత్తుకుపోతాయి. అందుకే గద్దీ గొర్రెల కాపరులు తమ కుక్కల మెడకు ఇనుప ముళ్ల పట్టీలు కడతారు. చిరుత మొదట పట్టేది గొంతునే. రాత్రి ఒంటికి దింపేటప్పుడు టార్చి వెలిగించి, పొట్టి లీష్‌తో, గుమ్మం దాటి పది అడుగుల్లోనే పని ముగించుకోవాలి.

మందుల పెట్టెలో థర్మామీటర్, పోవిడోన్ అయోడిన్, దూది, తనకు తానే అంటుకునే బ్యాండేజి, పిడుదులు తీసే పట్టకారు, మూతి చిక్కం, వైద్యుడు రాసిచ్చిన మందులు ఉండాలి. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది కాబట్టి చిక్కం మరవకండి. మన పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ మాత్రలు దానికి ఎంతమాత్రం వేయకూడదు. నాగపూర్, మథుర, లూధియానా, పాలంపూర్‌లలో పశువైద్య విద్యాసంస్థల ఆసుపత్రులున్నాయి. వాటి నంబర్లు, పని వేళలు బయలుదేరే ముందే రాసుకోండి. కొండల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో వైద్యులు ఎక్కువగా ఆవులనూ గొర్రెలనూ చూస్తారు. అత్యవసరానికి వాళ్లే దిక్కు గనుక, కేలాంగ్ చేరిన రోజే ఆసుపత్రి ఎక్కడుందో చూసి పెట్టుకోవాలి.

ఇంటికి చేరాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో పిడుదుల కోసం రెండు మూడు వారాల పాటు రోజూ వెతకాలి. ఆ లోపు జ్వరం వచ్చినా, తిండి తగ్గినా, చిగుళ్లు పాలిపోయినా వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, ఏయే ఊళ్లలో తిరిగి వచ్చారో చెప్పి రక్తపరీక్ష చేయించండి.