డారతీ డైరీని పక్కన పెట్టుకుని ‘డాఫడిల్స్’ చదవడం ఎలా

‘డాఫడిల్స్’ ఇంగ్లిష్ కవి విలియం వర్డ్స్‌వర్త్ పద్యం, డాఫడిల్ అనే పసుపు పూల గురించి. డారతీ అతని చెల్లెలు. ముందు తేదీలు సరిచూసుకోండి. ఇంగ్లండ్‌లోని అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలను డారతీ వర్డ్స్‌వర్త్ చూసింది 1802 ఏప్రిల్ 15న. ఆ రోజు సంగతి గ్రాస్మియర్ ఊళ్లో ఉండగా రాసిన తన డైరీలో రాసుకుంది. అన్న విలియం పద్యం 1804 నాటిది, అచ్చయింది 1807లో. 1815లో దాన్ని దిద్ది ఒక చరణం కలిపాడు. మీ దగ్గరున్న పద్యపాఠంలో 18 పాదాలుంటే పాతది, 24 ఉంటే కొత్తది.

వీలైతే రెండూ సంపాదించండి. పూలు మొదట కనబడే చోట పాత పాఠంలో అవి ‘నాట్యమాడే’ పూలు, కొత్తదాంట్లో ‘బంగారు’ పూలు. నాట్యం డారతీ డైరీలోనూ ఉంది. కొత్త పాఠం ఒక్కటే చూస్తే ఈ దగ్గరితనం కొంత చేజారుతుంది.

ఇప్పుడు కాగితం మీద నిలువు గీత గీసి, ఎడమన డైరీ, కుడిన పద్యం రాయండి. కలిసిన మాటల కింద గీత పెట్టండి, పద్యంలోకి రానివాటికి సున్నా చుట్టండి. అసలు రుచి ఆ సున్నాల్లోనే ఉంది. అలసిపోయి, నాచు పట్టిన రాళ్లను తలగడ చేసుకుని తలవాల్చిన పూలు డైరీలో ఉన్నాయి, పద్యంలో లేవు. అక్కడ ఉధృతంగా వీచిన గాలి ఇక్కడ పిల్లగాలి. అక్కడ నడిచింది అన్నాచెల్లెళ్లు, ఇక్కడ ఒంటరి మనిషి.

పద్యం చివర, ఆ పూలు మనసులో మెదిలే ‘లోపలి కన్ను’ పాదాలు రెండూ డారతీ ఖాతాలో వేయకండి, అవి విలియం భార్య మేరీవి. విలియం చెల్లెలి డైరీని కాపీ కొట్టాడనీ తేల్చేయకండి. ఆ రోజు అతనూ అక్కడే ఉన్నాడు.