ఉదయపూర్ చూడబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రాజస్థాన్‌లోని ఉదయపూర్‌కు అక్టోబరు, మార్చి నెలల మధ్య వెళ్ళేలా ప్రయాణం నిశ్చయించుకోవాలి. మే నెలలో అక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక వృద్ధులను, పసిపిల్లలను అప్పుడు తీసుకువెళ్ళకపోవడమే క్షేమం.

పిచోలా సరస్సు నడుమ ఉన్న జగ్ నివాస్ అనే పాత రాజభవనం ఇప్పుడు హోటల్ కాబట్టి, అక్కడ బస చేయనివారికి సాధారణంగా ప్రవేశం ఉండదని ముందే గ్రహించి, పడవలో అదే సరస్సులోని మరో ద్వీపభవనమైన జగ్ మందిర్ చూసి రావడానికి సిద్ధపడాలి. వానలు సరిగా కురవని సంవత్సరాల్లో సరస్సు నీరు బాగా తగ్గిపోతుంది, అందువల్ల పడవలు నడుస్తున్నాయో లేదో ముందురోజే విచారించాలి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవను, టికెట్ ఎంత చవకైనా, ఎక్కకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దని నా గట్టి మనవి.

సిటీ ప్యాలెస్‌లో ఇరుకైన మెట్లు, తక్కువ ఎత్తు గుమ్మాలు ఉన్నాయి కనుక మోకాళ్ళ నొప్పులున్నవారు తొందరపడకుండా కనీసం మూడు గంటలు కేటాయించుకోవాలి. మహారాణా మొదటి జగత్ సింగ్ కాలంలో 1651లో పూర్తయిన జగదీశ్ ఆలయానికి నిటారైన మెట్లెక్కి వెళ్ళాలి. చెప్పులు విడిచి తిరగాలి కాబట్టి, రాయి వేడెక్కకముందే, పొద్దున్నే దర్శనం చేసుకోవడం మంచిది.

సూర్యాస్తమయ దృశ్యానికి పేరుపొందిన సజ్జన్‌గఢ్ కొండకు మాత్రం సూర్యాస్తమయానికి గంట ముందే చేరుకోవాలి.