రెండు డెంటల్ కాలేజీల్లో సీటొచ్చిందా, ఫీజు కట్టేముందు ఇవి చూస్కోండి

మా చిత్తూరులో మామ కూతురికి కడపలో గవర్నమెంట్ సీటూ, చెన్నైలో డీమ్డ్ యూనివర్సిటీ సీటూ రెండూ వచ్చినాయి, ఇంట్లో నాలుగు రోజులు ఒకటే రచ్చ. అప్పుడు తెలుసుకున్నవి రాస్తున్నా.

ముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీకి ఇవ్వాలో తేల్చుకోండి. కడప లాంటి కన్వీనర్ సీటు ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్, డీమ్డ్ సీటు ఢిల్లీ వాళ్ళ ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్, దేని రూల్స్ దానివే. ఏ రౌండ్ దాకా సీటు వదులుకోవచ్చో, ఎంత డబ్బు పోతుందో నోటీసులో మీరే చదవండి, ఏజెంట్ మాట నమ్మద్దు.

అసలైంది ఓపీ, అంటే పేషెంట్లు వచ్చి చూపించుకునే చోటు. బిల్డింగ్ అద్దాలు చూసి పడిపోకుండా సోమవారం పొద్దున పోయి ఓపీ దగ్గర ఒక గంట ఊరికే కూర్చోండి, ఎందుకంటే మూడో ఏడాది నుంచి పళ్ళు పీకడం, ఫిల్లింగు, కట్టుడు పళ్ళు ఇన్ని కేసులని కోటా ఉంటుంది, పేషెంట్లు రాకపోతే పిల్లలే ఊర్లోంచి అవ్వాతాతల్ని బతిమాలి ఆటోలో తెచ్చుకోవాల. ఫైనలియర్ వాళ్ళని క్యాంటీన్లో అడగండి, ప్రిన్సిపాల్ రూమ్‌లో కాదు.

కోర్సు నాలుగేళ్ళు, పైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఫీజు నాలుగేళ్ళకా ఐదేళ్ళకా, ఇంటర్న్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్ నిజంగా చేతికిస్తారా? ఎయిరోటర్ (పన్ను తొలిచే మెషిన్), టైపోడాంట్ (ప్రాక్టీసుకి వాడే ఉత్తుత్తి పళ్ళ సెట్టు), వ్యాక్స్ కార్వింగ్ సెట్టు (మైనంతో పళ్ళు చెక్కే పనిముట్లు), ఇవన్నీ ఎవరు కొనాలో కూడా కాగితం మీద రాయించుకోండి.

హాస్టలు, మెస్సు ఒకసారి చూస్తే చాలు. చెన్నై అయితే పేషెంట్లతో తమిళం మాట్లాడాల, అది మన చిత్తూరోళ్ళకి పెద్ద లెక్కేం కాదులే.