గోదావరి ఫోటోలకు పాలపొర కడుతోందా?

సమస్య: దిండి రేవులోనో, అంతర్వేది తీరంలోనో తీసిన ఫోటో తెల్లబారిపోయింది. కొబ్బరాకుల పచ్చదనం వెలిసింది. దీపాల చుట్టూ వెలుగు వలయాలు.

ముందు లెన్సు తుడిచారా? సెట్టింగులన్నీ మార్చేసి, ఫోను పోయిందని తేల్చేశాక కూడా ఈ పని చేయనివాళ్ళే ఎక్కువ. ఆత్రేయపురం పూతరేకు తిన్న వేలి నెయ్యి ఒక్క మరక చాలు. తుడవాల్సింది కళ్ళజోడు గుడ్డతో. చొక్కా అంచుతో రుద్దితే జిడ్డు పరుచుకుంటుందే తప్ప పోదు. సముద్రపు తుంపర పడితే పొడిగా రుద్దొద్దు, ఉప్పు గీతలు పెడుతుంది. గుడ్డను మంచినీళ్ళతో తడిపి అద్దాకే తుడవండి.

తుడిచిన అర నిమిషానికే మళ్ళీ మసకేస్తే దొంగ వేరే ఉంది: ఏసీ.

వానాకాలంలో డెల్టా గాలిలోని తేమ 25 డిగ్రీల దగ్గరే నీరవుతుంటుంది. రాత్రంతా 22లో పెట్టిన గదిలోని ఫోను ఆ 25 కంటే చల్లగా ఉంటుంది. బయటికి తేగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసాకు పట్టినట్టే లెన్సుకు చెమ్మ పడుతుంది. తుడిస్తే నీరు పోతుంది గానీ చల్లదనం పోదు. మోసం ఎక్కడంటే, తెర మీద అది అచ్చం కోనసీమ పొగమంచులాగే కనిపిస్తుంది. చెయ్యి చాపి అరచేతిని ఫోటో తీయండి. చెయ్యి స్పష్టంగా, వెనక తోట మసగ్గా ఉంటే నిజం మంచే. చెయ్యి కూడా మసకైతే చెమ్మే.

విరుగుడు: గది దాటకముందే ఫోనును జిప్ కవర్లో పెట్టి, గాలి నొక్కేసి మూయండి. బయట 20 నిమిషాలు అలాగే ఉంచితే చెమ్మ కవరుకు పడుతుంది, లెన్సుకు కాదు. సూర్యోదయం కావాలంటే ఆ 20 నిమిషాలు ముందే లేవాలి, వేరే దారి లేదు. కారులోనైతే చేరడానికి పది నిమిషాల ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. కెమెరా మీద అంటించిన గ్లాసుంటే పీకేయండి. రెండింటి మధ్య చేరిన చెమ్మ ఏ గుడ్డకూ అందదు.

గొట్టం ముందుకొచ్చే జూమ్ కెమెరానైతే ఈలోపు ఆన్ చేయనే వద్దు. గొట్టం కదిలినప్పుడల్లా తడిగాలిని లోపలికి లాక్కుంటుంది. లోపలి అద్దానికి పట్టేసిందా, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో రాత్రంతా ఉంచండి. బియ్యంలో పెట్టకండి, తవుడు సందుల్లో చేరుతుంది.

మొహాలు నల్లగా వస్తే: రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. సాయంత్రం పుష్కర ఘాట్‌లో నదిని వెనక పెట్టుకుంటే సూర్యుడూ వెనకే ఉంటాడు. తెర మీద మొహాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. నది మీద సూర్యోదయం కావాలంటే అవతలి ఒడ్డుకు, కొవ్వూరు వెళ్ళాల్సిందే.

లాంచీలో ఫోటో చెదిరితే ఇంజిను అదురే. మోచేతులు కమ్మీకి కాదు, డొక్కలకు ఆనించండి.

ఫోన్లలో సెన్సారు పోవడం, లోపల బూజు పట్టడం అరుదు. లెన్సు పొడిగా, శుభ్రంగా ఉన్నా ప్రతి ఫోటోలో అదే చోట అదే మచ్చ వస్తుంటేనే రిపేరు షాపు.