అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ హెచ్‌ఆర్‌ఏ: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

హెచ్‌ఆర్‌ఏ అంటే జీతంలో భాగంగా వచ్చే ఇంటి అద్దె భత్యం. అద్దె కడుతున్నామని చూపిస్తే అందులో కొంత మీద పన్ను ఉండదు. నా మొదటి ఉద్యోగంలో దానికోసం ఇచ్చిన అద్దె రసీదుల్ని పేరోల్ వాళ్లు, అంటే జీతాల లెక్క చూసేవాళ్లు, తిప్పి పంపేశారు. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. నెలనెలా పన్నెండు వేలు ఆవిడ చేతికిచ్చేవాణ్ని. జనవరిలో ప్రూఫ్‌లు అడిగేసరికి, ఆదివారం భోజనాలయ్యాక అమ్మని అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి పన్నెండు రసీదులూ ఒకే పెన్నుతో సంతకాలు పెట్టించాను. ఇంకా రాని ఫిబ్రవరి, మార్చి నెలలతో సహా! ఏప్రిల్ రసీదు మీదా, డిసెంబర్ రసీదు మీదా ఒకే ఆవకాయ నూనె మరక. స్కాన్‌లో అది చక్కగా పడింది. డబ్బు నేను నిజంగానే ఇచ్చాను. ఇచ్చానని చూపించడానికి మాత్రం ఆ మరక తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

తర్వాత ఇన్నేళ్లలో ఆఫీసులో, చుట్టాల్లో ఇదే తంటా చాలామందికి చూశాను. కన్నవాళ్లకి అద్దె ఇస్తే హెచ్‌ఆర్‌ఏ రాదని చట్టంలో ఎక్కడా లేదు. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(13ఎ) కాదనేది ముఖ్యంగా రెండు చోట్ల: ఉంటున్న ఇల్లు మీ సొంతమైతే, లేదా మీరు అద్దె నిజంగా కట్టకపోతే. కింద వచ్చే సమస్యల్లో చాలావరకు తిరిగి తిరిగి ఈ రెండింటి దగ్గరికే వస్తాయి.

ఒక మాట ముందే. ఇక్కడ చెప్పే సెక్షన్లూ లెక్కలూ 1961 ఆదాయపు పన్ను చట్టానివి. అంటే 2025-26 ఆర్థిక సంవత్సరం, అంతకు ముందు సంవత్సరాల సంగతి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి జీతానికి నంబర్లూ ఫారాలూ మళ్లీ సరిచూసుకోండి.

"ప్రూఫ్‌లు అప్రూవ్ అయ్యాయి, పన్ను మాత్రం రూపాయి తగ్గలేదు"

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మీరు కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) ఉన్నారు. అందులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు. 2023-24 నుంచి మీరు ప్రత్యేకంగా వద్దనకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది.

వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి అయితే, ఆఫీసులో కొత్తది ఎంచుకున్నా, గడువులోపు వేసే రిటర్న్‌లో పాతదానికి మారొచ్చు. గడువు దాటితే ఆ దారి మూసుకుపోయినట్టే. కానీ మారేముందు కాగితం, పెన్ను తీసుకోండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఒకతని జీతం ఏడాదికి 19.2 లక్షలు అనుకుందాం. బేసిక్ నెలకు 80,000, హెచ్‌ఆర్‌ఏ 32,000. నాన్నగారికి నెలకు 25,000 అద్దె ఇస్తున్నాడు. మినహాయింపు మూడింట్లో ఏది తక్కువైతే అది. వచ్చిన హెచ్‌ఆర్‌ఏ 3,84,000. కట్టిన అద్దె 3,00,000లోంచి బేసిక్‌లో పదో వంతు 96,000 తీసేస్తే 2,04,000. బేసిక్‌లో 40 శాతం 3,84,000. 2025-26 దాకా 50 శాతం లెక్క ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలకే. మన హైదరాబాద్ ఎంత పెరిగినా ఆ లెక్కలో విజయవాడతో సమానం. కాబట్టి మినహాయింపు 2,04,000. ముప్ఫై శాతం స్లాబులో సెస్‌తో కలిపి 63,648 రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది.

కనిపిస్తుంది, అంతే. 2025-26 రేట్ల ప్రకారం ఇతనికి కొత్త విధానంలో పన్ను 1,75,760. పాత విధానంలో ఈ హెచ్‌ఆర్‌ఏ, 80సీ కింద (పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటి పొదుపులకి) లక్షన్నర, ఆరోగ్య బీమా 25,000, స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఇచ్చే తగ్గింపు) 50,000 అన్నీ తీసేసినా 2,70,192. అద్దె మినహాయింపు కోసం పాతదానికి వెళ్తే చేతి నుంచి 94 వేలు ఎదురు పోతాయి. ఇంత జీతం మీద పాత విధానం గెలవాలంటే మినహాయింపులన్నీ కలిపి 7.3 లక్షలు దాటాలి. ఇంకోచోట ఇల్లు కొని లోన్ వడ్డీ కడుతున్నవాళ్లకో, హెచ్‌ఆర్‌ఏ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకో తప్ప అంత రాదు. ఇక జీతం 12.75 లక్షల లోపు ఉంటే 2025-26కి కొత్త విధానంలో పన్నే లేదు. అమ్మ చేత సంతకాలు పెట్టించే పనీ లేదు.

అయినా మిగతాది చదవండి. ఎందుకంటే నోటీసులు వచ్చేది పాత సంవత్సరాలకి.

"పేరోల్ వాళ్లు రసీదులు రిజెక్ట్ చేశారు"

మొదట పాన్ చూసుకోండి. ఏడాది అద్దె లక్ష దాటితే, మినహాయింపుల కోసం ఆఫీసుకిచ్చే ఫారం 12బీబీలో ఇంటి ఓనర్ పాన్ ఇవ్వాల్సిందే. నెలకు 8,333 దాటితే లక్ష దాటినట్టే. "అమ్మకి పాన్ ఎందుకు, ఆవిడ ఉద్యోగం చేయదుగా" అంటారు. తీయించండి. ఆధార్ ఉంటే ఆన్‌లైన్‌లో ఈ-పాన్ ఉచితంగానే వస్తుంది. ముందే ఉన్న పాన్ అయితే ఆధార్‌తో లింక్ అయిందో లేదో చూడండి. పెద్దవాళ్ల పాన్‌లు పనిచేయకుండా పడి ఉండడం మామూలే.

రెండోది పేరు. ఇంటి పన్ను రసీదు మీద ఒక పేరు, అద్దె రసీదు మీద ఇంకో పేరు ఉంటుంది. ఇల్లు అమ్మ పేరు మీద ఉంటే, డబ్బు మాత్రం "నాన్నే కదా చూసుకునేది" అని నాన్న ఖాతాలోకి వెళ్తుంటుంది. అద్దె ఓనర్‌కే చేరాలి, రసీదు ఓనరే ఇవ్వాలి. ఈ నెల నుంచే ఖాతా మార్చండి. జరిగిపోయిన నెలలకి కొత్తగా రసీదులు పుట్టించకండి.

మూడోది నగదు. నగదు ఇవ్వడం నేరమేమీ కాదు, కానీ నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. మీ ఖాతా నుంచి అదే తేదీల్లో ఏటీఎం విత్‌డ్రాలు, అమ్మ పాస్‌బుక్‌లో ఆ దగ్గర్లోనే జమలు ఉంటే కొంత నయం. నగదు రసీదు 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు కూడా కావాలి. ఇవన్నీ ఎందుకు? ప్రతి నెలా 1న వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టి, రిమార్క్స్‌లో "జూన్ అద్దె" అని రాస్తే సరిపోతుంది.

పేరోల్ కాదన్నంత మాత్రాన మీ హక్కు పోదు. ఆధారాలు గట్టిగా ఉంటే రిటర్న్‌లో నేరుగా క్లెయిమ్ చేయొచ్చు. ఫారం 16లో (ఆఫీసు ఇచ్చే జీతం, పన్ను సర్టిఫికెట్) లేనిది రిటర్న్‌లో కనిపిస్తే ప్రశ్న రావచ్చు, కాగితాలు చేతిలో ఉంచుకోండి.

"నాన్న ఆ డబ్బు నాకే తిరిగి వేస్తున్నారు"

అసలు జబ్బు ఇదే, మిగతావన్నీ దాని లక్షణాలు. ఒకసారి మా బంధువులబ్బాయి స్టేట్‌మెంట్ పట్టుకొచ్చి చూపించాడు. 1వ తేదీ 20,000 నాన్నకి. 4వ తేదీ 20,000 నాన్న నుంచి. మళ్లీ 1న, మళ్లీ 4న. పదకొండు నెలలు గడియారంలా. "అద్దె కట్టినట్టే కదా బాబాయ్" అన్నాడు. ఆ డబ్బు నిజానికి ఎవరిదో చెప్పడానికి ఆఫీసర్ అక్కర్లేదు, స్టేట్‌మెంటే చెప్తోంది.

నాన్న డబ్బు నాన్న ఇష్టం, నిజమే. మనవరాలి స్కూలు ఫీజు కట్టొచ్చు, పండక్కి కోడలికి గొలుసు చేయించొచ్చు. అంతే మొత్తం, అవే తేదీల్లో, మీ ఖాతాకే వెనక్కి వస్తే మాత్రం మీరు అద్దె కట్టలేదన్నమాట. దీనికి మందు ఒకటే, ఆపేయడం. నిజంగా ఇవ్వగలిగినంతే అద్దె పెట్టుకోండి. 20,000 నాటకం కంటే 9,000 నిజం మేలు. తిప్పిన నెలలకి క్లెయిమ్ చేయకండి.

పన్ను అప్పీళ్లు వినే ట్రైబ్యునళ్లు చూసేదీ ఇదే. 2017లో ముంబై ట్రైబ్యునల్ ముందుకొచ్చిన కేసులో కూతురు తల్లికి అద్దె కట్టానంది. అంతా నగదు, ఒప్పందం లేదు, హౌసింగ్ సొసైటీకి చెప్పలేదు. మినహాయింపు కొట్టేశారు. 2013లో అహ్మదాబాద్ ట్రైబ్యునల్ మాత్రం, భర్త భార్యకి కట్టిన అద్దెనే ఒప్పుకుంది, ఇద్దరూ అదే ఇంట్లో ఉన్నా సరే. తేడా చుట్టరికంలో లేదు, డబ్బు నిజంగా చేతులు మారిందా లేదా అన్నదాంట్లో ఉంది.

అయితే భార్య విషయంలో ఇంకో చిక్కుంది. మీ ఇంటినే తగిన సొమ్ము తీసుకోకుండా ఆమె పేరున రాసిచ్చి ఉంటే, సెక్షన్ 27 ప్రకారం ఆ ఇల్లు మీదే కింద లెక్క. మీ ఇంటికి మీరు అద్దె కట్టుకోలేరు. తల్లిదండ్రులకి ఈ నిబంధన లేదు.

"ఇల్లు నాన్నది, కానీ లోన్ కోసం నా పేరూ పెట్టారు"

రిజిస్ట్రేషన్ దస్తావేజు తీసి చూడండి. లోన్‌లో సహ దరఖాస్తుదారు వేరు, దస్తావేజులో సహ యజమాని వేరు. లోన్‌లో మాత్రమే మీ పేరుంటే ఇబ్బంది లేదు. దస్తావేజులో ఉంటే ఇల్లు కొంత మీది, ఇక క్లెయిమ్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

దీనికన్నా ఎవరూ గమనించనిది ఇంకోటుంది. నాన్న పోయారు, వీలునామా లేదు. ఇంటి పన్ను ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది. "ఇప్పుడు అమ్మకి అద్దె ఇస్తున్నా" అంటారు. అది నాన్న స్వార్జితమైతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడా, అందరూ వారసులే. అంటే మీకు తెలియకుండానే మీరూ ఆ ఇంటికి యజమాని అయిపోయారు. మీ వాటా అమ్మకి రాసిచ్చి రిజిస్టర్ చేయించాక మొదలుపెట్టే అద్దె వేరే సంగతి. అయితే పన్ను కోసం ఆస్తి వదులుకుంటామా? అది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, ఆడిటర్ చెప్పేది కాదు.

ఊళ్లో ఉన్న ఇంటికి అద్దె చూపించి కూకట్‌పల్లి హాస్టల్లో ఉండేవాళ్ల గురించి ఒక్క వాక్యం చాలు: మీరు ఉండని ఇంటికి హెచ్‌ఆర్‌ఏ లేదు.

"నాన్నగారికి మెసేజ్ వచ్చింది, నాకు నోటీసు వచ్చింది"

మీరు ఆఫీసులో ఇచ్చిన ఓనర్ పాన్ అక్కడితో ఆగదు. కంపెనీ నాలుగో త్రైమాసికం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) రిటర్న్ 24క్యూలో ఆ పాన్ ఆదాయపు పన్ను శాఖకి వెళ్తుంది. మీరు 3 లక్షలు కట్టానన్నారు, నాన్న రిటర్న్‌లో అద్దె సున్నా. యంత్రానికి ఇది పట్టుకోవడం నిమిషం పని. 2020-21 లెక్కల్లో ఇలా పొంతన లేని కొన్ని కేసుల్ని సరిచూశామనీ, పాత కేసులన్నీ మూకుమ్మడిగా తిరగదోడే ఉద్దేశం లేదనీ 2024 ఏప్రిల్‌లో సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) ప్రకటించింది. అందరివీ తవ్వరు సరే, మీది తవ్వరని కాదు.

ఇక్కడ నాన్నలు అనవసరంగా టెన్షన్ పడతారు, "నాకు పన్ను పడుతుందేమోరా" అని. లెక్క చూపించండి. 3,00,000 అద్దె, ఆయన కట్టిన ఇంటి పన్ను 9,000 తీసేస్తే 2,91,000. అందులో 30 శాతం, అంటే 87,300, రిపేర్లకి పెట్టినా పెట్టకపోయినా తీసేస్తారు. మిగిలేది 2,03,700. 2025-26లో కొత్త విధానంలో ఆయన పెన్షన్, వడ్డీ అన్నీ కలిపి 12 లక్షలు దాటకపోతే పన్ను సున్నా. రిటర్న్‌లో చూపించడమే ఆయన చేయాల్సింది. మొత్తం ఆదాయం కనీస పరిమితి లోపే ఉంటే రిటర్న్ కూడా తప్పనిసరి కాదు, ఆ సంగతి రాసి ఆయన సంతకంతో మీ జవాబుకి జతచేయండి.

పాత సంవత్సరంలో నాన్న చూపించడం మరచిపోయి, పన్ను పడేంత ఆదాయం ఆయనకి ఉంటే అప్‌డేటెడ్ రిటర్న్ (గడువు దాటాక సరిదిద్ది వేసేది) వేయొచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆ ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది, ముగిశాక 48 నెలల దాకా గడువుంది. మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం, తర్వాత ఏటా 50, 60, 70. తప్పు మీదైతే, అంటే కట్టని అద్దె చూపించి ఉంటే, అదే దారిలో మీరే క్లెయిమ్ వెనక్కి తీసుకోండి. శాఖ ముందుగా పట్టుకుంటే తప్పుడు వివరాల కింద జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు. 25 శాతం దాని ముందు చిల్లర.

సెక్షన్ 143(1)(ఎ) కింద సర్దుబాటు ప్రతిపాదన (మీ రిటర్న్‌లో లెక్క మార్చబోతున్నామనే నోటీసు) వస్తే జవాబుకి 30 రోజులు. పోర్టల్‌లో ఈ-ప్రొసీడింగ్స్ తెరిచి, ఒకే పీడీఎఫ్‌లో ఈ వరసలో పెట్టండి: అద్దె ఒప్పందం, ఇల్లు ఎవరిదో చూపే ఇంటి పన్ను రసీదు, అద్దె వెళ్లిన పంక్తులు గుర్తు పెట్టిన మీ స్టేట్‌మెంట్, అవే తేదీలు కనిపించే నాన్న పాస్‌బుక్ పేజీలు, ఆయన రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్. నాన్నతో అగ్రిమెంట్ ఏంటని మొహమాటపడకండి. పాత తేదీతో మాత్రం రాయించకండి, స్టాంప్ పేపర్ వెనక అమ్మిన తేదీ ఉంటుంది.

అద్దె నెలకు 50,000 దాటితే

టీడీఎస్ మీరే కోయాలి, ఓనర్ నాన్న అయినా సరే. సెక్షన్ 194-ఐబీ ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి 2 శాతం, అంతకుముందు 5. ఏడాదికోసారి, మార్చి అద్దెలోనో, ఖాళీ చేసే నెలలోనో కోసి, ఆ నెలాఖరు నుంచి 30 రోజుల్లో ఫారం 26క్యూసీతో కట్టాలి. టాన్ (పన్ను కోసేవాళ్లు తీసుకునే నంబరు) అక్కర్లేదు. నాన్నకి ఫారం 16సీ (పన్ను కోసినట్టు సర్టిఫికెట్) ఇవ్వడం మరవకండి, లేకపోతే మీకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.