క్రిస్మస్ కాక్టస్ మొగ్గలు రాలకుండా చలికి ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని కొరాపుట్, సిమిలిగుడ కొండల మీది ఇళ్లలోనూ, కింద బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లోని మన తెలుగువారి వరండాల్లోనూ క్రిస్మస్ కాక్టస్ పెంచుకునేవారికి ఒక నిరాశ తరచుగా ఎదురవుతుంది. నర్సరీ నుంచి నిండా పూలతో తెచ్చుకున్న మొక్క మరుసటి ఏడు మొగ్గే తొడగదు, లేదా తొడిగిన మొగ్గలన్నీ విచ్చుకోకుండానే రాలిపోతాయి. నష్టం కనిపించేది డిసెంబరులోనే అయినా, పొరపాటు చాలాసార్లు దసరాకూ దీపావళికీ మధ్యనే జరిగి ఉంటుంది.

పేరులో కాక్టస్ ఉంది కదా అని దీన్ని గట్ల మీది బ్రహ్మజెముడుతో కలిపి లెక్కవేయకూడదు. ఇది ఎడారి మొక్క కాదు. బ్రెజిల్ ఆగ్నేయ తీరంలో, రియో డి జనీరో పరిసరాల కొండల మీద, మబ్బులు తాకే తడి అడవుల్లో ఇది పుట్టింది. అక్కడ చెట్ల పంగల్లోనూ రాతి పగుళ్లలోనూ పేరుకున్న ఆకుల మట్టిలో వేళ్లూని బతుకుతుంది; చెట్టును ఆసరాగా పట్టుకుంటుందే తప్ప దాని రసం పీల్చదు. దక్షిణార్ధగోళంలో చలి మొదలై ఇది పూసేది మే నెలలో గనుక బ్రెజిల్‌వారు దీన్ని ‘మే పువ్వు’ అని పిలుస్తారు. అందువల్ల క్రిస్మస్ పేరు ఈ మొక్కకు పుట్టింటి పేరు కాదు. పాత క్రిస్మస్ కాక్టస్ 19వ శతాబ్దం మధ్యకాలంలో ఇంగ్లండులో విలియం బక్లీ రెండు జాతులను కలిపి తయారుచేసిన సంకరం. నేటి నర్సరీల్లో ఎక్కువగా దొరికేది మాత్రం కాండపు ముక్కల అంచులకు కోసుగా పళ్లు ఉండే ట్రంకేటా రకం. అది కొంత ముందుగానే పూస్తుంది.

మన జిల్లాలలో మొదట చూసుకోవలసింది తుఫాను. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. సరిగ్గా అదే కాలంలో ఈ మొక్క మొగ్గకు సిద్ధమవుతుంది. మొగ్గ పడిన తరువాత వానకు జడిసి కుండీని లోపలికీ బయటికీ మోస్తే వెలుతురూ వేడీ ఒక్కసారిగా మారి మొగ్గలు రాలతాయి. నేను మొదటి ఏడాది దీపావళికి వచ్చిన బంధువులకు చూపించాలన్న సరదాతో కిటికీ దగ్గరి కుండీని హాలులోకి మార్చి, వారం తిరిగేసరికి మొగ్గలన్నిటినీ చీపురుతో ఊడ్చుకున్నాను. కాబట్టి దసరా నాటికే దీనికి ఇంట్లో ఒక చోటు కేటాయించి, పూలు వాడేవరకు అక్కడినుంచి కదపకపోవడం మంచిది. తూర్పు కిటికీ పక్కన ఉదయపు ఎండ తగిలే చోటు సరిపోతుంది. పడమటి ఎండకు కాండాలు ఎర్రబారతాయి.

మొగ్గను పిలిచేవి రెండు: చల్లని రాత్రి, పొడవైన చీకటి. రాత్రి వేడి 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉండే సిమిలిగుడ వంటి చోట చలే చాలావరకు పని చేసిపెడుతుంది. 10 కంటే దిగిపోయే రాత్రుల్లో మాత్రం కుండీని తెరిచిన కిటికీకి దూరంగా ఉంచాలి, అందుకే చోటు ఎంచుకునేటప్పుడే ఈ సంగతి ఆలోచించుకోవాలి. బరంపురంలో ఆ చలి ఉండదు. అక్కడ నవంబరు మొదలు సుమారు ఆరు వారాలపాటు, సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు, కుండీ మీద అట్టపెట్టె బోర్లించి 14 గంటల చీకటి ఇవ్వాలి. పగలు పెట్టె తీసివేయాలి. మధ్యలో ట్యూబులైటు వెలుగు పడినా, దీపావళి సీరియల్ బల్బులు రాత్రంతా వెలిగినా ఆ శ్రమ వృథా కావచ్చు. అలా చేసిన మొక్క క్రిస్మస్ దాటి సంక్రాంతికి పూసినా అది మీ లోపం కాదు, అక్కడి రాత్రుల వెచ్చదనం.

నీటి విషయంలో రెండు అతులూ ప్రమాదమే. పైమట్టి అంగుళం లోతున ఆరాకే నీరు పోయాలి, కింద పళ్లెంలో నిలిచినది పారబోయాలి. బంకమట్టి పనికిరాదు; కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు, ముతక ఇసుక కలిపిన మట్టిలో నీరు వెంటనే దిగిపోతుంది. తడి ఎక్కువైతే వేరు కుళ్లి కాండాలు మెత్తబడి వాలుతాయి. నీరు చాలకపోయినా కాండాలు వాలుతాయి గనుక, వాలిన మొక్కకు ఆలోచించకుండా నీళ్లు గుమ్మరించకుండా ముందు వేలితో మట్టిని తాకి చూడాలి.

కొండ ఊళ్లలో చలికి వెలిగించే కుంపటిని ఈ కుండీ దగ్గర పెట్టకూడదు. ఇంట్లో మగ్గవేసిన అరటి గెల కూడా పక్కన ఉండరాదు. పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు మొగ్గలను రాల్చేస్తుంది. ఈ మాట మొదట విన్నప్పుడు నేనూ నమ్మలేదు.

పూలు వాడిన తరువాత ఒక నెలపాటు నీరు తగ్గించి, ఎరువు ఆపాలి. కుండీ మార్చదలిస్తే అదే సమయం, అయితే ఇరుకు కుండీలోనే ఇది బాగా పూస్తుంది. పొడవైన కొమ్మలను రెండు మూడు కణుపుల దగ్గర మెలితిప్పి తుంచి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, తడి ఇసుకలో నిలబెడితే వేళ్లు పడతాయి. నాకు మొదటి మొక్క మా పక్కింటి ఒడియా అమ్మ అలా తుంచి ఇచ్చిన ముక్క నుంచే వచ్చింది.