మిర్చి కొట్టుకు ఫోన్ కొనేటప్పుడు నేను చూసేవి

గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ కొట్టు. నాన్న కాటా దగ్గరుంటే నేను లెక్కలు చూస్తాను. నలుగురు గుమాస్తాలకు ఫోన్లు కొనిపెట్టేది కూడా నేనే. షోరూముకు వెళ్లేటప్పుడు నా సంచిలో ఓ గుప్పెడు తేజ రకం మిర్చి కాయలు, ఒక తెల్ల కాగితం ఉంటాయి. వాటి పని ముందు చెప్తాను, మాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

రెండేళ్ల కిందట సరుకు కొనే చెన్నై పార్టీ ఒకాయనకు మచ్చు కాయల ఫోటో పంపాం. ఫోటో చూసే బేరం కుదిరింది. లారీ దిగాక ఆయన ఫోన్ చేసి, "ఫోటోలో ఉన్న రంగు కాయలో ఏదమ్మా?" అన్నారు. మేం సరుకు మార్చలేదు, తాలు (రంగుపోయి తెల్లబడిన కాయ) కలపలేదు. గుమాస్తా చేతిలో ఉన్న కొత్త ఫోన్ ఎరుపును ఇంకాస్త ఎర్రగా చేసి చూపించింది, అంతే. క్వింటాలుకు మూడొందలు వదులుకున్నాం. డబ్బు సంగతి అలా ఉంచండి, ఇరవై ఏళ్లుగా నాన్న మాట మీద సరుకు ఎత్తే మనిషి ఆ రోజు అనుమానంగా మాట్లాడారు. అది నాకిప్పటికీ కలుక్కుమంటుంది.

అందుకే షోరూములో కాయల్ని కాగితం మీద పోసి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో పెట్టి, చూడదలచుకున్న ఫోన్లన్నిటితో ఫోటో తీస్తాను. లోపలి లైట్ల కింద తీస్తే ఏ రంగూ నమ్మలేం. ఫోటోలు తీసేముందు కెమెరా సెట్టింగుల్లో సీన్ ఆప్టిమైజర్, ఏఐ లాంటి, రంగుల్ని వాటంతట అవే మార్చేవి ఉంటే ఆపేయండి. ఇంకో మెలిక ఉంది. ఫోటో సరిగ్గా వచ్చినా తెర దాన్ని ముదురు చేసి చూపించొచ్చు. డిస్‌ప్లే సెట్టింగుల్లో 'వివిడ్' తీసేసి 'నేచురల్' పెట్టండి. అప్పుడు కాయను తెర పక్కన పట్టుకుని చూడండి. తొడిమ పచ్చదనం, తాలు కాయ తెలుపు తేడా తెలియాలి. మెగాపిక్సెళ్లు ఎన్నున్నా ఈ పరీక్షలో పోయిన ఫోన్ మాకొద్దు. చీరలమ్మేవాళ్లయితే చీర, బంగారం వాళ్లయితే నగ పట్టుకెళ్లండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో హెచ్‌డీ నొక్కడమో, డాక్యుమెంటుగా పంపడమో అలవాటు చేయండి. మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది.

తర్వాతది దుమ్ము. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పుతుంటే లేచే కారపు దుమ్ము తెలియని మనిషి యార్డులో రెండు నిమిషాలు నిలబడలేడు. అదే దుమ్ము ఛార్జింగ్ జాక్‌లో, మైకు రంధ్రంలో చేరుతుంది. అందరూ నీళ్లలో పడితే ఏమవుతుందని అడుగుతారు కానీ, ఐపీ అని రాసి ఉండే రేటింగులో మొదటి అంకె దుమ్ముకు, రెండోదే నీళ్లకు. ఐపీ54 అంటే దుమ్ము కొంత దూరినా ఫోన్ పని ఆగదని. ఐపీ65, ఐపీ68లలో ఆ 6 ఉంది చూశారా, దాని అర్థం దుమ్ము అసలు లోపలికి పోదని. మా పనికి ఆ 6 కోసం వెయ్యో రెండు వేలో ఎక్కువ పెట్టడం దండగ కాదు. జాక్‌లో పట్టిన దుమ్మును పిన్నీసుతో గీకనివ్వకండి, మెత్తటి బ్రష్ చాలు. ముక్కుకు తువ్వాలు కట్టుకున్న మనిషిని ఫోన్ ముఖం చూసి గుర్తుపట్టలేదు కాబట్టి పక్క బటన్లో వేలిముద్ర ఉన్నదే తీసుకుంటాను, తుడుచుకోవడం తేలిక.

కోల్డ్ స్టోరేజీ మందపాటి గోడల మధ్య సిగ్నల్ అందదు. అక్కడ వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆదుకుంటుంది. అది మీ సిమ్‌తో ఆ మోడల్లో పనిచేస్తుందో లేదో కొనకముందే అడగండి. రెండో సిమ్ పెడితే మెమరీ కార్డుకు చోటు ఉంటుందా అన్నదీ చూసుకోండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఇప్పుడు మామూలైంది. ర్యామ్ 6 జీబీ, స్టోరేజి 128కి తగ్గకుండా తీసుకుంటే చాలు.

అప్‌డేట్ల దగ్గర మాత్రం తొందరపడకండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కంపెనీ చెప్తుంది. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 లాంటి ఖరీదైన వాటికి 7 ఏళ్లన్నారు, చవక ఫోన్లకు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి. ఆఫర్లో దొరికిన రెండేళ్ల నాటి మోడల్‌కు రెండేళ్లు అప్పుడే గడిచిపోయాయన్నమాట. రైతుల డబ్బు కదిలే ఫోన్లో ఇది చూసుకోకపోవడం తప్పు.

బిల్లు కొట్టు పేరు మీద, జీఎస్టీ నంబరుతో అడగండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మొబైళ్ల మీద జీఎస్టీ 18 శాతం. పన్నుతో కలిపి 15,000 రూపాయల ఫోన్లో దాదాపు 2,288 రూపాయలు పన్నే. మీ అమ్మకాలకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన ఈ పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం, వర్తిస్తుందేమో మీ ఆడిటర్‌ని అడగండి.

ఇక గుమాస్తా చేతికి ఇచ్చే ముందు. మా దగ్గర మానేసిన ఒక అబ్బాయి తన సొంత సిమ్‌తో రెండేళ్లు రైతులతో మాట్లాడాడు. అతను వెళ్లిపోయాక కూడా ఫోన్లు అతనికే వెళ్లాయి. తిరిగిచ్చిన ఫోన్ రీసెట్ చేస్తే అతని పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడిగింది, అతనికేమో గుర్తులేదు. పాపం, అతని తప్పేం లేదు, ఏర్పాటు చేయనిది నేను. ఇప్పుడు సిమ్ కొట్టు పేరు మీద, గూగుల్ ఖాతా కొట్టుది, వాట్సాప్ బిజినెస్ ఆ నంబరు మీదే. యూపీఐ కూడా ఫోన్లో ఉన్న సిమ్‌తోనే ముడిపడుతుంది కదా.

చివరిగా *#06# కొట్టి, వచ్చిన ఐఎంఈఐ నంబర్లను (ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్లు) పెట్టె మీద, బిల్లులో ఉన్నవాటితో సరిచూస్తాను. KYM అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పెడితే ఫోన్ వివరాలు వస్తాయి. పోగొట్టుకుంటే పోలీసు ఫిర్యాదు కాపీ, బిల్లు పెట్టి కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో బ్లాక్ చేయించడానికి కూడా ఆ నంబరే కావాలి. దాన్ని ఖాతా పుస్తకం చివరి పేజీలో గుమాస్తా పేరు పక్కన రాసి, అతనితో సంతకం పెట్టించుకుని, అప్పుడు ఫోన్ చేతిలో పెడతాను.